తిట్టి కొనబోయిన క్రాంకు

పాత సామాను కొనేవాడు దాన్ని ఎప్పుడూ మెచ్చుకోకూడదు. మా పనిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది. బడిలో పాఠాలు ఏడో తరగతితోనే ఆగిపోయాయి. నేను బడిని వదిలేశానో, బడే నాకు దండం పెట్టి పంపించిందో ఇప్పటికీ తేలలేదు. షెడ్డులో నేర్చుకున్నది మాత్రం కంఠతా వచ్చు. కావలసిన వస్తువు కంటబడితే ముందు మొహం ముడుచుకోవాలి. కాలితో కొంచెం తన్నాలి. "గిదా, గిది ఎవనికి గావాలె" అనాలి. అమ్మేవాడు "ఎందుకన్నా గట్లంటవు, మంచి ముక్క" అంటాడు. మనం ఇంకా తిట్టాలి, వాడు ఇంకా పొగడాలి. చివరికి ఎక్కడో మధ్యలో చాయ్ దగ్గర కలుస్తాం. తిట్టింది అబద్ధమని వాడికి తెలుసు, పొగిడింది అబద్ధమని నాకు తెలుసు. ఎవరికీ బాధ ఉండదు. జనగామలో నా షెడ్డుకు చేరిన పాత ఇనుమంతా అట్లా తిట్లు తిని వచ్చిందే.

నాకు ఆ పని సులువు. ఎవరినో ఒకరిని నాలుగు మాటలు అనకపోతే నాకు తిన్నది అరగదు. మా అక్క ఎప్పుడూ అంటుంది, "నీ నోటికి బ్రేకులు ఎవరన్న బిగిస్తె బాగుండు" అని. నేనే మెకానిక్‌ని, నాకెవరు బిగిస్తారు.

ఆ అక్క కూతురికి పెళ్ళి కుదిరింది. అక్కావాళ్ళది బచ్చన్నపేట దగ్గర ఊరు. బావ పత్తి వేస్తాడు. వాళ్ళ కొట్టంలో, ఎడ్ల పక్కన, బావ తండ్రి కొన్న పాత కారు ఒకటి ఉంది. పేరు అక్కర్లేదు, ఒకప్పుడు తాసిల్దార్లూ ఎమ్మెల్యేలూ ఎక్కి తిరిగిన గుండ్రటి తెల్లకారు అంటే చాలు. ఆయన పోయాక అది కదల్లేదు. నా మేనకోడలు చిన్నప్పుడు అందులోనే ఆడుకునేది. తను స్టీరింగు పట్టుకుని కూచుంటే, నేను పక్క సీట్లో కూచుని నోటితో ఇంజన్ చప్పుడు చేసేవాణ్ణి. తను గేరు మారిస్తే నేను చప్పుడు మార్చాలి. ఊపిరి తీసుకోవడానికి ఆపితే చాలు, "మామా, బండి ఆగిపోయింది" అని కసిరేది.

నిశ్చితార్థం రోజున చుట్టాలందరి ముందూ, కొంచెం గొప్ప కోసమే, మేనమామగా నన్ను ఏం పెట్టమంటావని అడిగాను.

"నా బరాత్ తాత కార్ల పోవాలె మామా," అంది.

"గంతేనా? నేను విమానం అడుగుతవనుకున్న."

"నడిచే కారు. నీ నోటి చప్పుడుతోని గాదు."

అందరూ నవ్వారు. పెళ్ళి ఊరేగింపు ఆ కారులోనే అని నేను మాటిచ్చాను.

కారును ట్రాక్టరుకు కట్టి జనగామకు లాక్కొచ్చాం. బానెట్ ఎత్తితే గాలి డబ్బాలో ఎలుకలు కాపురం పెట్టి ఉన్నాయి. సిలిండర్ల నిండా తుప్పు. అట్లాంటి ఇంజన్‌కు కొత్త సామాను ఇప్పుడు ఏ దుకాణంలోనూ రాదు. రాదంటే ఊరుకునే పని కాదు మాది. దేనికి ఏది పనికొస్తుందో వెతికి సరిపెట్టడమే సగం పని. పిస్టన్లకు బదులు ఒక పాత జీపువి దొరికాయి, కొలత కొంచెం చిన్నవైతే సిలిండర్ల లోపల స్లీవు గొట్టాలు వేసి సరిచేశాను. వాల్వులు ట్రాక్టరువి, కాడ పొడుగైతే లేతు మీద కోయించాను. గ్యాస్కెట్టు రాగిరేకుతో చేత్తోనే కత్తిరించాను. ఇంజన్‌లో సొంత కులం వాళ్ళు ఎవరూ మిగల్లేదని బావను ఆటపట్టించాను కూడా. బావ నవ్వి ఊరుకున్నాడు. బావామరుదుల మధ్య ఏదైనా చెల్లుతుంది.

ఒక్క క్రాంకు దగ్గర ఆగిపోయాం. పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకుంటుంటే, ఆ కొట్టుకోవడాన్ని చక్రాల తిరుగుడుగా మార్చే వంకర్ల ఇనుప ఇరుసు అది. మా కారుది ఇదివరకే అరగదీసి అరగదీసి సన్నబడింది, దాని మీద గోరంత చీలిక కూడా కనిపించింది. దానికి ఇంకొక బండి క్రాంకు పట్టదు. అచ్చం అట్లాంటి కారుదే కావాలి.

మహబూబాబాద్ పోయాను. మా నోట మానుకోట. అక్కడ పాత సామాన్ల దుకాణం పెట్టుకున్న పెద్దాయన ఒకడున్నాడు, నాకంటే నోరు ఎక్కువ.

"ఏంది తమ్మీ, ఈసారి ఏ పీనుగును లేపుతున్నవు?" అన్నాడు.

"నీ ఈడుదే అన్నా. జర క్రాంకు ఉంటె ఇయ్యి, లేస్తది."

"పిస్టన్లకు మారు ఉంటయి, వాల్వులకు మారు ఉంటయి. దీని క్రాంకుకు మారు ఏదీ లేదు." కాసేపు గడ్డం గోక్కుని, ములుగు ఘనపూర్‌లో ఒక అవ్వ ఇంట్లో అచ్చం ఆ కారే ఉందని చెప్పాడు. మా పక్కనున్న స్టేషన్ ఘనపూర్ కాదు, అటు భూపాలపల్లి దారిలోది. "పెనిమిటి పోయి శానేండ్లాయె. కారును కొట్టంల పెట్టుకొని కూసున్నది. ఇనుప సామాన్లోళ్ళను గేటు దాటనియ్యదట. నీ నోరు అక్కడ తీస్కపో, దానికేమన్న పని ఉంటది."

బండి మీద ఘనపూర్ వెళ్ళాను. పెద్ద ఇల్లు, ముందు పత్తి కట్టె ఎండుతోంది. అవ్వ ఒక్కతే ఉంది. పాత కార్లు చూడడం నాకు సరదా అనీ, పనిమీద ఇటు వచ్చాననీ చెప్పాను. క్రాంకు మాట ఎత్తలేదు. ఎత్తకూడదు కదా.

అవ్వ తాటిపత్రి పట్టా తొలగించింది. తెల్లకారు. బానెట్ మీద దసరాకు పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా చెరిగిపోలేదు. ముందర ఇనుప హ్యాండిలు పెట్టి తిప్పాను. నా గుండె ఒక్కసారి లేచి కూచుంది. మెత్తగా, ఒత్తుకుంటూ, వదులుతూ తిరిగింది. నూనె పుల్ల తీసి చూస్తే నూనె కూడా ఉంది. ఇన్నేళ్ళు మూలన పడ్డ ఇంజన్ అట్లా తిరగడం నేను చూడలేదు. మొహం మాత్రం వేపాకు నమిలినట్టు పెట్టాను.

అవ్వ నా చేతులు చూసింది. గోళ్ళలో ఉండే నలుపు మాకు సబ్బుతో పోదు.

"నువ్వు పనోనివే బిడ్డా," అంది. "నిజం చెప్పు. గిది మల్ల నడుస్తదా?"

బేరం మొదలైందనుకున్నాను.

"గిది నడిచే కారు గాదవ్వా. మాపటికి గంప లెక్క కోళ్ళను కమ్ముకోను మంచిగుంటది."

అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు హుషారొచ్చింది.

"ఇంజన్ తిరుగుతున్నది గద?"

"ఇసుర్రాయి గూడ తిరుగుతది. దాని మీదెక్కి ములుగు పోతమా?"

మళ్ళీ నవ్వింది, ఈసారి కొంచెం తక్కువ. "ఇనుప సామాన్లోళ్ళు మస్తుగ తిరుగుతాండ్రు దీని కోసం."

"వాళ్ళకు వేరే పని లేదు. దీన్ని ఎత్తుకపోయేటోనికి నువ్వే ఎదురు పైసలియ్యాలె అవ్వా."

ఆ మాట అన్నాక నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇప్పుడు అవ్వ వంతు. "ఎందుకు బిడ్డా గట్లంటవు, ఆయన పానంగ చూసుకున్న కారు" అనాలి. నేను ఇంకొకటి అనాలి. అవ్వ అనలేదు. పట్టా అంచును వేళ్ళతో సాపు చేస్తూ నిలబడింది.

"నిజమేనా?" అంది.

"అబద్ధం చెప్తె నాకేమొస్తదవ్వా."

మొదటిసారి వెళ్ళినప్పుడు కొంటానని అనకుండా రావడం కూడా మా పద్ధతే. తిట్లు నానాలి. మళ్ళీ ఇటు వస్తే కలుస్తానని చెప్పి వచ్చేశాను. ఘనపూర్ దాటకముందే బండి ఆపి మేనకోడలికి ఫోన్ చేశాను. "క్రాంకు దొరికినట్టే. కారుకు పూలు ఏవి గావాల్నో చూసుకో," అన్నాను.

మళ్ళీ వెళ్ళేటప్పుడు ట్రాలీ ఆటో మాట్లాడుకుని, పానాలూ జాకీ వేసుకుని వెళ్ళాను. గేటు దగ్గరే తెలిసింది. పట్టా మడత పెట్టి గోడ మీద ఆరేసి ఉంది. కారు ఉన్న చోట నాలుగు టైర్ల గుంటలు, మధ్యలో నూనె తాగిన నల్లటి మన్ను.

అవ్వ కుర్చీ తెచ్చి వేసింది. ఆమె మొహంలో అంత సంతోషం చూసి నేను ఇంకా భయపడ్డాను.

"రా బిడ్డా, నీ తొవ్వనే చూస్తున్న. నువ్వు చెప్పి పోయినంక నా పానం నిమ్మలమైంది."

"కారేది అవ్వా?"

"ఇచ్చేసిన. భూపాలపల్లి పాత సామాన్లాయన లారీ తెచ్చుకొని వచ్చిండు. నువ్వు చెప్పినవు గద, ఎదురు పైసలియ్యమని. ఇయ్యబోయిన. పాపం మంచోడు, వద్దన్నడు. ఉట్టిగనె ఎత్తుకపోయిండు. బువ్వ పెట్టి పంపిన."

కుర్చీలో కూచున్నాను.

అవ్వ చెప్తూనే ఉంది. ఇన్నేళ్ళు ఎవరూ ఆమెకు ఉన్నమాట చెప్పలేదట. కొనడానికి వచ్చినవాళ్ళు మోసం చేస్తారేమోనని అనుమానం. అయినవాళ్ళను అడిగితే ఉండనీ అనేవాళ్ళు. "నువ్వొక్కనివే కొనుటానికి రాలే. అందుకే నీ మాట నమ్మిన," అంది. "ఏడాదికొక్కసారన్న తిప్పాలె, లేకపోతె పట్టుకుంటదని ఆయన చెప్పి పోయిండు. పతి దసరకు బొట్టు పెట్టి, ఇంత నూనె పోసి, నేనే హ్యాండిలు తిప్పుతుండె. రెండు చేతులు గుంజుతుండె. ఇన్నేండ్లు ఇసుర్రాయి తిప్పిన్నట చూడు." తన మీద తనే నవ్వుకుంది. "వాడకట్టందరికి చెప్పిన నీ మాట. అందరు నవ్విన్రు."

అంత మెత్తగా ఎందుకు తిరిగిందో అప్పుడు తెలిసింది. నా జోకులకు ఎవరైనా నవ్వితే నాకు ఇష్టం. ఆ వాడకట్టు అంతా నవ్వారని విన్నప్పుడు మాత్రం, కుర్చీతో సహా ఆ నల్లమన్నులోకి దిగిపోతే బాగుండుననిపించింది.

అవ్వ చాయ్ ఇచ్చింది. తాగుతుండగా వెనక్కి తీసుకెళ్ళి నీళ్ళ మోటరు చూపించింది. అదీ ఆయనదే. "గిది గూడ జూసి చెప్పు బిడ్డా. పనికిరాదంటె దీన్ని గూడ ఇచ్చేస్త."

"మల్లొచ్చి చూస్తనవ్వా," అని ట్రాలీ ఎక్కాను.

భూపాలపల్లి దాకా బొగ్గు లారీల వెనక దుమ్ము తింటూ వెళ్ళాను. పాత సామాన్ల దుకాణం రోడ్డు పక్కనే ఉంది. గోడకు ఆనించి బానెట్ కనిపించింది, బొట్టుతో సహా. ఇంజన్ బ్లాకును సమ్మెటతో ముక్కలు చేసి ఒక మూల పోశారు. క్రాంకు లేదు.

దుకాణం ఆయన నాకంటే చిన్నవాడు, కలుపుగోలు మనిషి. "బరువున్న ఇనుము మొన్ననే లోడెక్కిందన్నా. ఈ పాటికి కొలిమిల పడి ఉంటది," అన్నాడు. లారీవాడికి నా ముందే ఫోన్ చేసి అడిగాడు కూడా. దింపేసి వచ్చేశాడట. ఫోన్ పెట్టేసి, నా మొహం చూసి, నన్ను నవ్వించాలనుకున్నాడేమో.

"అసలు గది దొరుకుడే ఒక కథ అన్నా. ఎవడో మెకానిక్ పోయి అవ్వకు పనికిరాదని చెప్పిండట. నేను శానసార్లు అడిగినా ఇయ్యని అవ్వ, పిలిచి ఉట్టిగ ఇచ్చింది. వాని నోట్ల చక్కెర పొయ్య, ఎవడో గని."

"ఎవడో పిచ్చోడై ఉంటడు," అన్నాను.

"పిచ్చోడే," అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇద్దరం కలిసి నన్ను చూసి నవ్వుకున్నాం. ఆయనకు తెలియదు, అంతే తేడా.

తిరుగు దారి ఘనపూర్ మీదుగానే. ట్రాలీ డ్రైవరును ఆపకుండా పొమ్మందామనుకున్నాను. పట్టా ఇంకా గోడ మీదే ఉండడం రోడ్డు మీది నుంచే కనిపించింది. ఆపమన్నాను.

మోటరు చూశాను. విప్పి, తిప్పి, వైండింగు చూసి, మళ్ళీ బిగించాను. నా నోటికి అలవాటు లేని మాట కాబట్టి బయటికి రావడానికి టైం పట్టింది.

"మంచిగున్నదవ్వా. ఎవ్వలకు ఇయ్యకు."

"నిజమేనా?" అంది అవ్వ. అప్పుడు కారు దగ్గర అడిగినట్టే అడిగింది.

"నిజమే. కారు గూడ మంచిదే ఉండె."

అవ్వకు అర్థం కాలేదు. నేను తల వంచుకుని మొత్తం చెప్పాను. మా అక్క బిడ్డ పెళ్ళి, బరాత్, క్రాంకు, దాని కోసమే వచ్చానని. బేరం తగ్గాలని తిట్టానని.

"బేరమా?" అంది. "నువ్వు కొంట అనలే, నేను అమ్ముత అనలే. బేరం ఏడిది?"

"మా పనిల ముందు గట్లనే అంటమవ్వా. తరువాత అడుగుతం."

"పెండ్లి పిల్ల కోసమని అడిగితె ఇచ్చేదాన్ని గద బిడ్డా. ఆయనున్నా ఇచ్చేటోడే."

తిట్టినా బాగుండేది. తిట్లయితే నాకు అలవాటే, తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆ కారుకు ఎంతో కొంత ఇస్తానని గొణిగాను. లేని కారుకు ఏం ఇస్తవని అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగినట్టు.

మోటరు మీద కప్పుదామని గోడ మీది పట్టా తెచ్చాను. నాలుగు మూలలా తాడు వేసి గట్టిగా ముడులు బిగించాను. అవ్వ చూస్తూ నిలబడింది. నేను గేటు దాకా వచ్చి వెనక్కి చూశాను. ఆమె వంగి నా ముడులు ఒక్కొక్కటే విప్పుతోంది. విప్పి మళ్ళీ తనే కట్టుకుంటోంది.

వరంగల్, హైదరాబాద్ అన్ని చోట్లకూ ఫోన్లు చేశాను. ఎక్కడా దొరకలేదు. పెళ్ళి నా కోసం ఆగదు కదా. బచ్చన్నపేట పోయి మేనకోడలికి చెప్పాను. కారు గురించి అడుగుతుందనుకున్నాను.

"అవ్వకు చెప్పినవా మామా?" అంది.

"చెప్పిన."

"ఏమన్నది?"

"అడిగితె ఇచ్చేదాన్నన్నది."

"మరి ఎందుకడుగలే?"

ప్రతి ప్రశ్నకూ నా దగ్గర ఒక వంకర జవాబు ఉంటుంది. మా అక్క కూడా ఆ జవాబు కోసమే ఎదురుచూస్తూ నా వైపు చూసింది. నేను నేల చూశాను.

బావ వేరే కారు మాట్లాడతానన్నాడు. పిల్ల ఒప్పుకోలేదు. "బరాత్ మనుషుల నడకంతనె పోతది. ఇంజన్ ఎందుకు, తోస్తె పోతది," అంది. ఇంజన్ విప్పిన కారు తేలికగానే ఉంటుంది. కడిగి, పూలు కట్టి, ట్రాక్టరు వెనకాల తెచ్చి ఊరి మొదట్లో నిలబెట్టాం. పెళ్ళికొడుకును పక్క సీట్లో కూచోబెట్టి తనే స్టీరింగు పట్టుకుంది. నేనూ మరికొందరూ వెనక డిక్కీ మీద చేతులు పెట్టాం.

చూసినవాళ్ళంతా ఇది నా వేషమే అనుకున్నారు. నవ్వించడానికే ఇంజన్ తీసి పెట్టాననుకున్నారు. "మేనమామ పిల్లను గంపల మోస్తడని విన్నం గని, కారుల తోస్తడని గిప్పుడే చూసినం," అని ఒక పెద్దమనిషి అన్నాడు. "ఏం మెకానిక్‌వయ్యా, కారుకు నువ్వే ఇంజన్‌వా?" అని ఇంకొకాయన. సెల్‌ఫోన్లలో వీడియోలు తీశారు. ఎవరికీ నిజం చెప్పలేదు. చెబితే అది కూడా జోకే అనుకునేవాళ్ళు. ఇన్నేళ్ళు నేను వాళ్ళకు అట్లాగే అలవాటు చేశాను.

బస్టాండు మలుపు దగ్గర డీజే వైరు ఊడిపోయి పాట ఆగింది. డప్పులవాళ్ళు కూడా ఊపిరి పీల్చుకోవడానికి ఆగారు. ఆ నిశ్శబ్దంలో కారు టైర్ల కింద కంకర నలుగుతున్న చప్పుడు ఒక్కటే. పిల్ల కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసింది.

"మామా, బండి ఆగిపోయింది," అంది మెల్లగా.

ఆగలేదు, తోస్తూనే ఉన్నాం. ఆమె దేని గురించి అంటుందో నాకు తెలుసు. నా పక్కన తోస్తున్నవాళ్ళకు తెలియదు. నోరు తెరిస్తే మొదట గాలి మాత్రమే వచ్చింది. తర్వాత పెదవులు బిగించి, చిన్నప్పుడు చేసినట్టే, ఇంజన్ చప్పుడు మొదలుపెట్టాను. జనం విరగబడి నవ్వారు.

లోపల తను గేరు మార్చింది. నేను చప్పుడు మార్చాను. ఇల్లు చేరేదాకా తల మాత్రం డిక్కీ మీది నుంచి ఎత్తలేదు.